జవహర్‌నగరు చెత్తగుట్ట: పర్యావరణ రాజకీయమును పక్షపాతము లేక బోధించుట ఎట్లు?

పూర్వము మన పల్లెలలో ప్రతి యింటి పెరటను ఒక పెంటకుప్ప ఉండెడిది. పశువుల పేడ, ఊడ్చిన కసవు, పొయ్యిలోని బూడిద, తిని పారవేసిన తొక్కలు అన్నియు అందులో చేరెడివి. వేసవిలో రైతు దానిని బండ్లకెత్తి పొలమునకు తోలెడివాడు. ఇంటికి పనికిరానిది చేనికి పనికి వచ్చెడిది. అందుచేత పల్లెలో చెత్త యను సమస్య లేకుండెను. ఉన్నది ఎరువు మాత్రమే.

పట్టణమున ఈ చక్రము తెగిపోయినది. పట్టణవాసికి పొలము లేదు. పైగా అతని యింటి చెత్తలో ప్లాస్టిక్కు, గాజు, రబ్బరు, వాడి పారవేసిన బ్యాటరీలు కలసియుండును. ఇవి మట్టిలో కలియవు. కావున వాటిని ఎవరో ఒకరు ఎక్కడికో ఒకచోటికి మోసుకొనిపోవలెను. ఆ 'ఎక్కడికో' అనునది ఏ ఊరు? ఆ ఊరివారి సమ్మతి ఎవరు అడిగిరి? ఖర్చు ఎవరు భరింతురు? కష్టము ఎవరు పడుదురు? ఈ ప్రశ్నలకు రసాయన శాస్త్రము ఒక్కటే సమాధానము చెప్పజాలదు. ఇవి రాజకీయ ప్రశ్నలు. ఇచ్చట రాజకీయమనగా ఎన్నికల కేకలు కాదు. పదుగురు కలసి బ్రదుకునపుడు మేలును, కీడును ఎట్లు పంచుకొనవలెనో నిర్ణయించుకొను పని.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నల దగ్గరకు రాగానే జంకును. "ఇది రాజకీయము, మనకెందుకు?" అని పాఠమును ఓజోను పొరతోను, ధ్రువప్రాంతపు మంచుతోను ముగించివేయును. విద్యార్థి మాత్రము బడి విడిచిన వెంటనే చెత్త లారీ వెనుక నడచి ఇంటికి పోవును. తన ఊరి గాలిని గూర్చి బడిలో ఒక్క మాటయు వినని బాలుడు దానిని గూర్చి వేరెక్కడనో వినును. అక్కడ అతనికి దొరకునది నినాదమే గాని విచారణ కాదు. కనుక మౌనము కూడ ఒక విధమైన బోధనయే యగును. పక్షపాతము లేకయు, మౌనము వహింపకయు ఈ విషయమును బోధించుట సాధ్యమా యని పరిశీలించుటకు హైదరాబాదు ఉత్తరపు అంచుననున్న జవహర్‌నగరు మంచి ఉదాహరణము.

గుట్ట పుట్టుక

హైదరాబాదు, సికింద్రాబాదు పురపాలక వ్యవస్థలు 1960లో ఒక్కటియై హైదరాబాదు నగరపాలక సంస్థ యేర్పడెను. ఆనాటికి నగరము చిన్నది, చెత్తయు తక్కువ. నగరము పెరిగిన కొలది చెత్తను పోయు చోట్లు నగరపు అంచులకు జరుగుచు వచ్చినవి. ఆటోనగరు, గంధంగూడ, ఫతుల్లాగూడ మొదలగు చోట్ల చాలకాలము చెత్త పోసిరి. ఒకప్పుడు ఊరి బయట అనుకొన్న ఈ చోట్లను నగరమే వచ్చి చుట్టుముట్టెను. అప్పుడు మరింత దూరపు చోటు వెదకవలసి వచ్చెను.

2002 ప్రాంతము నుండి జవహర్‌నగరున చెత్త పోయుట మొదలైనది. ఈ గ్రామము అప్పుడు రంగారెడ్డి జిల్లా శామీరుపేట మండలములో ఉండెను. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినపుడు మేడ్చలు జిల్లాలో చేరెను. చెత్త కొరకు కేటాయించిన భూమి సుమారు మూడున్నర వందల ఎకరములు. దమ్మాయిగూడ, అహ్మద్‌గూడ, మల్కారము, హరిదాసుపల్లి, చీర్యాల, యాప్రాలు మొదలగు ఊళ్లు, కాలనీలు దీని చుట్టుపట్ల నున్నవి.

2007 ఏప్రిలు 16న చుట్టుపట్లనున్న 12 పురపాలక సంఘములు, 8 గ్రామపంచాయతీలు నగరములో కలసి మహా హైదరాబాదు నగరపాలక సంస్థ యేర్పడెను. దానితో ఒకే పాలన క్రిందకు వచ్చిన చెత్త ఒక్కసారిగా పెరిగెను. 2009 ఫిబ్రవరిలో నగరపాలక సంస్థ చెత్త నిర్వహణకై రాంకీ సంస్థతో 25 సంవత్సరముల ఒప్పందము చేసికొనెను. అప్పటికే అక్కడ శాస్త్రీయ పద్ధతి లేక పోసిన పాత చెత్త కొండవలె నిలిచియుండెను. తరువాతి కాలమున ఈ పాత చెత్త సుమారు 1 కోటి 20 లక్షల టన్నులని అంచనా వేసిరి.

చుట్టుపట్లవారు దుర్గంధమును, ఈగలను, బావినీటి రంగు మారుటను గూర్చి మొరపెట్టుకొనిరి. పలుమార్లు రోడ్డుపై కూర్చుండి లారీలను అడ్డగించిరి. న్యాయస్థానములకు, జాతీయ హరిత న్యాయస్థానమునకు వెళ్లిరి. 2010 దశకపు చివర పాత గుట్టను మట్టితోను, ప్లాస్టిక్కు పొరలతోను కప్పు పని మొదలై, వంద ఎకరములకు మించిన మేర 2020 ప్రాంతమున ముగిసెను. ఆ సంవత్సరమే 19.8 మెగావాట్ల విద్యుత్తును చెత్తనుండి తీయు కర్మాగారము పనిచేయ నారంభించెను. తరువాత దాని శక్తి 24 మెగావాట్లకు పెంచబడెను. 2023 ఏప్రిలులో దినమునకు 20 లక్షల లీటర్ల మురుగురసమును శుద్ధిచేయు కేంద్రము ప్రారంభమాయెను. ఆ రసము చేరి చెడిపోయిన మల్కారము చెరువును బాగుచేయుట కూడ ఆ పనిలో భాగము.

గుట్ట లోపల జరుగునదేమి?

రాజకీయము మాట్లాడుటకు ముందు శాస్త్రము తెలిసియుండవలెను. శాస్త్రము తెలియనివాని వాదము గాలిలో కత్తి త్రిప్పుట వంటిది.

తడి చెత్తను గుట్టగా పోసినపుడు లోపలనున్న ప్రాణవాయువు కొలది దినములలోనే ఖర్చయిపోవును. అప్పుడు గాలి అక్కరలేని సూక్ష్మజీవులు పని మొదలిడును. మొదట ఇవి చెత్తను ఆమ్లములుగా మార్చును. ఆమ్లము బ్యాటరీలలోను, రంగులలోనుగల లోహములను కొంత కరిగించును. వాననీరు గుట్టలో ఇంకి ఈ ఆమ్లములను, లవణములను, లోహములను మోసుకొని నల్లని ద్రవమై అడుగునకు దిగును. మురుగురసమని పైన చెప్పినది దీనినే. తరువాతి దశలో మరి కొన్ని సూక్ష్మజీవులు ఆమ్లములను తిని మీథేను వాయువును విడుచును. గుట్టనుండి వచ్చు వాయువులో దాదాపు సగము మీథేను. నూరేండ్ల లెక్కలో ఒక టన్ను మీథేను, ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు వేడిని పట్టియుంచును. గుట్టలో నిప్పు రాజుకొనినపుడు తేలికగా ఆరకుండుటకు కూడ ఈ వాయువు ఒక కారణము. కుళ్లిన గ్రుడ్డు వాసన గల హైడ్రొజను సల్ఫైడు మిక్కిలి కొద్దిపాటి యున్నను ముక్కునకు తెలియును.

వానకును గుట్టకును గల సంబంధమును విద్యార్థులచేత లెక్కకట్టించవచ్చును. ఒక ఎకరము 4,047 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. హైదరాబాదు ప్రాంతమున సాలునకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. పై కప్పు లేని నూరు ఎకరముల గుట్టపై ఒక సాలులో పడు నీరు 32 కోట్ల లీటర్లకు మించును. అందులో నాలుగవ వంతు మాత్రమే లోపలికి ఇంకినదని అనుకొన్నను 8 కోట్ల లీటర్లు అగును. గుట్టను కప్పుట ఎందుకో, దినమునకు 20 లక్షల లీటర్లు శుద్ధిచేయు కేంద్రము ఎందుకో, ఇన్నేండ్లు కప్పక వదలినందువలన ఏమి జరిగియుండునో ఈ ఒక్క లెక్కతో బోధపడును.

ఈ ప్రాంతపు నేల గ్రానైటు రాతినేల. పైన కొంతలోతు వరకు రాయి శిథిలమై మొరముగా నుండును. క్రింద గట్టి రాతిలో పగుళ్లుండును. నీరు మొరము గుండ నెమ్మదిగాను, పగుళ్ల గుండ వేగముగాను పోవును. అందుచేత గుట్టకు దగ్గరనున్న ఒక బోరునీరు బాగుండుటయు, దూరమునందలి మరియొక బోరునీరు చెడుటయు సంభవము. దీనినిబట్టి "మా బోరు బాగున్నది, కాబట్టి కాలుష్యము లేదు" అనుటయు, "మా బోరు చెడినది, కాబట్టి ఊరంతయు చెడినది" అనుటయు రెండును తొందరపాటు మాటలే యగుచున్నవి.

చట్టములు వచ్చిన తీరు

మన రాజ్యాంగమునకు 1976లో జరిగిన 42వ సవరణ పర్యావరణ రక్షణను ప్రభుత్వపు బాధ్యతగాను, పౌరుని విధిగాను చేర్చెను. నీటి కాలుష్యపు చట్టము 1974లోను, గాలి కాలుష్యపు చట్టము 1981లోను వచ్చినవి. 1984 భోపాలు ఘోరము తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. నగరముల చెత్తను గూర్చి ఆల్మిత్రా పటేలు అను ఆమె 1996లో సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యము నడచుచుండగనే 2000లో పురపాలక చెత్త నియమములు, 2016లో వాటికి బదులు విపులమైన మరియొక నియమావళి వెలువడినవి. చెత్తను ఇంటివద్దనే వేరుచేయవలెనని 2016 నియమావళి విధించెను. చెత్తను పూడ్చు చోటు ఇండ్లకును, త్రాగునీటి బావులకును, చెరువులకును 200 మీటర్ల దూరమున నుండవలెననియు, కిలోకు 1,500 కిలోకేలరీలు లేక అంతకు మించి వేడినిచ్చు, తిరిగి వాడుకకు రాని చెత్తను పూడ్చక శక్తి యుత్పత్తికే వాడవలెననియు చెప్పెను.

జవహర్‌నగరున చెత్త పోయుట మొదలైన 2002 నాటికి 2000 నియమములు అమలులో నుండెను. కనుక "అప్పటికి నియమములే లేవు" అను మాట నిలువదు. అటులనే, గుట్ట వచ్చిన తరువాత చుట్టుపట్ల ఇండ్లు విస్తారముగా పెరిగినవనుటయు కాదనరానిది. వాటిలో చాలభాగము ప్రభుత్వభూమిలో నోటరీ కాగితములపై కొన్న స్థలములలో పేదలు కట్టుకొన్నవి. నగరములో స్థలము కొనలేనివాడు చౌకగా దొరకిన చోటికి వచ్చును; చెత్తగుట్ట ప్రక్క స్థలము చౌక. గుట్ట ముందా, ఇల్లు ముందా అను వాదమునకు ఒక్కొక్క కాలనీ విషయమున ఒక్కొక్క సమాధానముండును.

పర్యావరణమును పాఠశాలలో బోధించుట గూర్చి కూడ న్యాయస్థానము కలుగజేసికొన్నది. ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1991 నవంబరు 22న పర్యావరణమును విద్యాసంస్థలలో తప్పనిసరి విషయముగా బోధింపవలెనని ఆదేశించెను. 2001లో కేంద్ర ప్రభుత్వము జాతీయ హరితదళమును నెలకొల్పగా పాఠశాలలలో పర్యావరణ సంఘములు వెలసినవి. కాని వాటి పని పెక్కుచోట్ల మొక్కలు నాటుటతో ఆగిపోవుచున్నది. మొక్క నాటుటలో ఎవరికిని అభ్యంతరముండదు. చెత్త ఎక్కడికి పోవలెనను ప్రశ్నలో అందరికిని అభ్యంతరములే.

ఇతర దేశములవారు ఏమి చేసిరి?

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. జర్మనీ దేశమున హిట్లరు కాలములో పాఠశాల ఒక పార్టీ ప్రచారశాలగా మారెను. యుద్ధానంతరము పశ్చిమ జర్మనీలో రాజకీయ విద్య ఎట్లుండవలెనని వామపక్షపు పండితులకును, సంప్రదాయవాదులకును 1970 దశకమున తీవ్ర వివాదము నడచెను. 1976 శరత్కాలమున బాడెన్-వ్యుర్టెంబర్గు రాష్ట్రపు బోయిటెల్స్‌బాఖ్ అను చిన్న యూరిలో ఇరుపక్షముల వారు సమావేశమైరి. వారు ఓటు వేసి తీర్మానమేదియు చేయలేదు. కాని అందరికిని సమ్మతములైన మూడు సూత్రములను హాన్స్-గెయోర్గు వేలింగు అను ఆయన గ్రంథస్థము చేసెను. ఒకటి: ఉపాధ్యాయుడు తన యభిప్రాయమును విద్యార్థిపై రుద్దరాదు. రెండు: సమాజములోను, శాస్త్రములోను వివాదములో నున్న దానిని తరగతిలో కూడ వివాదముగానే చూపవలెను. మూడు: విద్యార్థి తన స్థితిని, తన ప్రయోజనమును తానే విచారించుకొని, దానికై ఏమి చేయగలడో తెలిసికొను శక్తిని పొందవలెను.

ఈ మూడవ సూత్రము ముఖ్యము. పక్షపాతరహిత బోధన యనగా విద్యార్థిని నిష్క్రియుని చేయుట యని కొందరు తలంతురు. గుట్ట ప్రక్కన బ్రదుకు బాలికకు తన బ్రదుకును గూర్చి ఆలోచించు హక్కు కలదు. ఆ ఆలోచనకు పనిముట్లను ఇచ్చుట ఉపాధ్యాయుని వంతు.

ఇంగ్లండులో 1996 విద్యాచట్టము పాఠశాలలలో ఏకపక్ష రాజకీయ ప్రచారమును నిషేధించి, రాజకీయ విషయములు వచ్చినపుడు పరస్పర భిన్నములైన అభిప్రాయములను సమతూకముగా చూపవలెనని విధించెను. 2007లో అక్కడి ప్రభుత్వము భూతాపమును గూర్చిన అల్ గోరు 'ఆన్ ఇన్‌కన్వీనియెంట్ ట్రూత్' అను చిత్రమును ఉన్నత పాఠశాలలకు పంపదలచగా, ఒక పాఠశాల పాలకవర్గ సభ్యుడు న్యాయస్థానమునకు వెళ్లెను. చిత్రములోని మూలశాస్త్రము స్థూలముగా సరియైనదేయనియు, తొమ్మిదిచోట్ల మాత్రము అది శాస్త్రజ్ఞుల సామాన్యాభిప్రాయమునకు భిన్నముగా నున్నదనియు న్యాయమూర్తి ఆ యక్టోబరులో తీర్పు చెప్పెను. ఆ తొమ్మిదింటిని గూర్చిన వివరణ ఉపాధ్యాయులకు అందజేసి చిత్రమును చూపవచ్చునని తేల్చెను.

ఈ తీర్పులో మనకు ఒక పాఠమున్నది. న్యాయస్థానము "ఇరువైపుల వాదములను సమానముగా చూపుడు" అని ఊరకుండలేదు. ఏది రూఢియైనది, ఏది అతిశయోక్తి అని విడదీసెను. సమతూకము అభిప్రాయములకు వర్తించును; నిరూపితమైన విషయమునకు వర్తింపదు. చెత్తలో మీథేను పుట్టుననుటకు ఎదుటిపక్షము లేదు.

ఉపాధ్యాయుని రెండు పాత్రలు

మన రాష్ట్రములలో ప్రభుత్వ ఉపాధ్యాయునికి 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి రాజకీయపార్టీలలో పాల్గొనుటను నిషేధించుచున్నది. అయినను అతడు పౌరుడే. ఓటు వేయును, శాసనమండలిలో ఉపాధ్యాయ నియోజకవర్గము కూడ కలదు. పౌరుడుగా అతనికి అభిప్రాయముండుట సహజము. తరగతిలో మాత్రము నలువది మంది పిల్లలు అతని ఎదుట కూర్చుండి యున్నారు. వారు లేచి పోజాలరు, ఎదురు చెప్పుటకు జంకుదురు, మార్కులు వేయువాడతడే. వేదికపై మాట్లాడు నాయకునికి లేని అధికారము ఉపాధ్యాయునికి ఉన్నది. కనుకనే అతనికి హద్దు కూడ ఎక్కువ.

జవహర్‌నగరు ప్రాంతపు తరగతిలో ఈ హద్దు మరింత సున్నితము. ఒక పిల్లవాని తండ్రి చెత్త లారీ నడుపును. ఒక బాలిక తల్లి గుట్టపై ప్లాస్టిక్కు ఏరి అమ్మి సంసారము గడపును. మరియొకని యింట బోరునీరు త్రాగుటకు పనికిరాక నీటి డబ్బా కొందురు. "గుట్టను మూసివేయవలెను" అని ఉపాధ్యాయుడు ఒక్కమాట అన్నచో ఒకరి మనస్సు తేలికపడును, మరియొకరి కడుపు చల్లబడును. "గుట్టవలన నష్టమేమియు లేదు" అన్నచో నీరు కొనుక్కొను ఇంటి బిడ్డ తన యనుభవమే అబద్ధమేమో యని తలవంచుకొనును. ఈ పిల్లలలో ఎవరును పాఠము పేరిట చిన్నబుచ్చబడరాదు.

పాఠము నడుపు విధము

మొదట ప్రశ్నలను రెండు రాసులుగా పోయవలెను. కొలిచి తేల్చదగినవి ఒక రాశి: బావినీటిలో లవణములెంత, వాసన ఏ గాలి దిశలో ఎక్కువ, ఇంటికి దినమునకు ఎంత చెత్త. కొలిచినను తేలనివి మరియొక రాశి: నగరపు చెత్తను ఒకే ఊరు మోయుట న్యాయమా, మోసినందుకు ఆ ఊరికి ఏమి ఇయ్యవలెను, చెత్తపై రుసుము వేయవలెనా. మొదటి రాశిలోని ప్రశ్నలను ఓటుతో తేల్చరాదు. రెండవ రాశిలోని ప్రశ్నలను ఉపాధ్యాయుని మాటతో తేల్చరాదు. తగవులలో పెక్కు ఈ రెండు రాసులు కలసిపోవుటవలననే పుట్టుచున్నవి.

రెండవ మెట్టు కొలత. గుట్టకు పల్లమున నున్న బావులనుండియు, మిట్టన నున్న బావులనుండియు సీసాలలో నీరు తెచ్చి పరీక్షింపవలెను. కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములు, క్లోరైడు 250 మిల్లీగ్రాములు మించకుండుట మేలని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. వేరు నీరు లేనిచోట 2,000, 1,000 వరకు ఒప్పుకొందురు. తెలంగాణ రాతినేలలలో గుట్ట లేకున్నను కొన్ని బావులలో లవణము ఎక్కువగా నుండును. అందుచేత మిట్టనున్న బావి నీరు లేనిదే పల్లపు బావిని గూర్చి ఏమియు చెప్పలేము. ప్రతిపక్షపు మాట వినకుండ తీర్పు చెప్పరాదను న్యాయసూత్రమే ప్రయోగశాలలో పోల్చిచూచు నమూనా యై నిలిచియున్నది. విద్యార్థికి ఈ సామ్యము చూపినచో నిష్పాక్షికత యనునది మర్యాద కొరకు కాదనియు, నిజము తెలిసికొనుటకు అదియే సాధనమనియు తెలియును.

మూడవ మెట్టు కాలపట్టిక. నల్లబల్లపై ఒకవైపు గుట్ట చరిత్రను, మరియొకవైపు ఆ సంవత్సరమున రాష్ట్రమును పాలించిన పార్టీని వ్రాయవలెను. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున తెలుగుదేశము. 2009 ఒప్పందము నాటికి కాంగ్రెసు. గుట్టను కప్పుట, విద్యుత్ కర్మాగారము, శుద్ధికేంద్రము వచ్చిన 2014-2023 నడుమ తెలంగాణలో తెలంగాణ రాష్ట్ర సమితి. 2022లో దాని పేరు భారత రాష్ట్ర సమితి యాయెను. 2023 డిసెంబరున తిరిగి కాంగ్రెసు వచ్చెను. ఈ పట్టికను చూచి "తప్పంతయు ఒకరిది, ఒప్పంతయు ఒకరిది" అని ఏ విద్యార్థియు చెప్పజాలడు. పార్టీలు మారినవి, లారీలు ఆగలేదు. తప్పిదములు ఎవరివియు కావని దీని అర్థము కాదు. ఏ సంవత్సరమున ఏ నిర్ణయము ఎవరు చేసిరి, అప్పుడు వేరు మార్గముండెనా, నియమము పాటింపబడెనా అని ఒక్కొక్కటిగా అడుగుటకు ఈ పట్టిక దారి చూపును.

పర్యావరణ విషయమున పార్టీలు ఎల్లప్పుడు పోట్లాడుకొనుననుటయు సరికాదు. నల్లమల అడవిలో యురేనియము త్రవ్వరాదని 2019 సెప్టెంబరున తెలంగాణ శాసనసభ ఏకగ్రీవముగా తీర్మానించెను. ఒకచోట ఏకీభవించినవారు మరియొకచోట ఏల విభేదింతురు? అడవిలో తవ్వకము నిలిపినచో నష్టపోవువారు సభలో తక్కువ. చెత్తను ఒక యూరినుండి కదల్చినచో అది మరియొక యూరికి పోవలెను. ఈ తేడాను విద్యార్థులే కనిపెట్టగలరు.

నాలుగవ మెట్టు పాత్రల మార్పు. తరగతిని నాలుగు జట్లుగా చేయవలెను: దమ్మాయిగూడ గృహస్థులు, గుట్టపై ఏరుకొని బ్రదుకువారు, నగరపాలక సంస్థ యింజనీర్లు, నగర మధ్యమున నివసించువారు. ఏ జట్టు తన నిజమైన పక్షమున ఉండరాదు. లారీ డ్రైవరు కొడుకు గృహస్థుల పక్షమున వాదింపవలెను, నీరు కొనుక్కొను ఇంటి బాలిక యింజనీరై, "రేపటి చెత్త ఎక్కడ పోయుదును?" అని అడుగవలెను. ఎదుటివాని వాదమును అతడు మెచ్చునట్లు చెప్పగలిగిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయవలెను. ఏ పక్షము నెగ్గినదను దానికి మార్కులు లేవు.

విద్యుత్ కర్మాగారమును గూర్చి ఈ వాదము ఎట్లు సాగునో చూడుడు. 24 మెగావాట్ల యంత్రము పూర్తి శక్తితో 24 గంటలు నడచినచో 5,76,000 యూనిట్లు వచ్చును. దినమునకు 6 యూనిట్లు వాడు ఇండ్లు 96,000 దానితో వెలుగును. పూడ్చవలసిన చెత్త తగ్గును. ఇది ఒకవైపు. మన చెత్తలో సగము వరకు తడి పదార్థము. తడి చెత్త సరిగా మండదు. మండిన పిదప బూడిద మిగులును. పొగను నిత్యము కనిపెట్టవలెను. కాల్చిన కాగితము, ప్లాస్టిక్కు ఏరుకొనువారికి దక్కదు. ఇది రెండవవైపు. రెండు వైపుల వారును ఒకచోట కలియుదురు: తడి చెత్త వేరైనచో అది ఎరువగును, పొడి చెత్త బాగుగా మండును, మురుగురసము తగ్గును.

తిలా పాపము తలా పిడికెడు

కడపట ప్రశ్న మన యింటికే వచ్చును. మనిషికి దినమునకు అరకిలో చెత్త యనుకొన్నచో కోటి జనులకు 5,000 టన్నులగును. హోటళ్లు, అంగళ్లు కలసి హైదరాబాదు చెత్త 6,000 టన్నులకు మించియే యున్నది. పది టన్నుల లారీలకెత్తినచో దినమునకు 600 లారీలు. నలుగురున్న ఇల్లు సాలులో 730 కిలోలు పంపుచున్నది. తిలా పాపము తలా పిడికెడు అను సామెత ఇచ్చట అక్షరాల నిజము.

అట్లని భారమంతయు గృహస్థునిపై వేసి పాలకులను విడిచిపెట్టుటయు పక్షపాతమే. ఇంటివారు రెండు బుట్టలలో వేరుచేసి ఇచ్చినను లారీలో రెండును కలిపివేసినచో ఆ శ్రమ వృథా. ఇంటి పని ఇంటిది, సంస్థ పని సంస్థది. ఎవరి పని ఎవరు చేసిరో లెక్క అడుగుట పౌరుని పని. విద్యార్థులు ఒక వారము తమ ఇండ్ల చెత్తను తూచి, వేరుచేసి, అది బడి వీధినుండి ఏ బండిలో, ఏ చోటికి, కలసియా విడిగానా పోవుచున్నదో వ్రాసికొని, ఆ పట్టికను స్థానిక కార్యాలయమున మర్యాదగా అందజేసి సమాధానము కోరవచ్చును. సమాచారహక్కు చట్టము 2005 నుండియు ఉన్నది. ఆ చట్టము క్రింద పెద్దల చేత దరఖాస్తు వ్రాయించుట కూడ ఒక పాఠమే. ఇందులో ఏ పార్టీ జెండాయు అక్కరలేదు.

ఇట్టి పాఠము ముగిసిన పిదప ఒక విద్యార్థి గుట్ట తరలవలెనని అనుకొనవచ్చును. మరియొకడు అక్కడనే బాగుచేయవలెనని అనుకొనవచ్చును. ఇద్దరికిని ఒకే బావినీటి లెక్కలు తెలిసియుండవలెను. ఒకరి కారణములు మరియొకరికి తెలిసియుండవలెను. జవహర్‌నగరు గుట్టపై మట్టి కప్పిరి, గడ్డి మొలచినది; అడుగున సూక్ష్మజీవులు ఇంకను చాలయేండ్లు పనిచేయుచుండును. నేడు ఎనిమిదవ తరగతిలో నున్నవారు ఓటర్లయి, ఇంజనీర్లయి, లారీ డ్రైవర్లయి, ఉపాధ్యాయులయి ఆ గుట్టను గూర్చి మరల నిర్ణయములు చేయవలసి వచ్చును. అప్పుడు వారు లెక్క చూచి మాట్లాడుదురా, కేక విని మాట్లాడుదురా యనునది చాలవరకు నేటి తరగతి గదిలో తేలును.